4 అడుగుల 11 అంగుళాల మనిషికి గేరు బండి: కాలు అందుతలేదు, ఏది కొనాలె?

తండా తపాల (దేవరకొండ దిక్కు):

అందరికి నమస్తే. నేను దేవరకొండ దిక్కు ఒక పల్లె పోస్టాఫీసుల ఏబీపీఎంగా, అంటె అసిస్టెంట్ బ్రాంచ్ పోస్టుమాస్టరుగ చేస్తున్న. వయసు 24. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 43 కిలోలు. గేరు బండి కొనాలని ఉంది, ఏది కొనాలెనో తెలుస్తలేదు. జర పొడుగు రాస్తున్న, అన్ని చెప్తెనే మీరు సరైన మాట చెప్పగలుగుతరు.

నా బీటుల నాలుగు తండాలు, రెండు పల్లెలు. రోజుకు 35 కిలోమీటర్ల దాక తిరుగుత. సగం డాంబరు, సగం మొరం బాట. ఒక తండకు పోవాలంటె వాగు దాటాలె. వానకాలం పోతె నీళ్లుండయి గని ఇసుక, గుండ్రాళ్లు ఉంటయి. ఇన్నొద్దులు మా వదినె స్కూటీ మీద పోతున్న. అండ్ల గేర్లు లేవు, రెండు కాళ్లు ఆనుతయి, భయం లేదు. గని చక్రాలు చిన్నయి. పోయిన కార్తీకంల ఒక గుంత తప్పిద్దామని తిప్పితె ముందు చక్రం మొరంల జారి పడ్డ. మోకాలు చెక్కుకపోయింది. సంచిల వేలిముద్ర మిషన్ ఉండె, నడవలేని ముసలోళ్లకు ఇంటికాడికే పోయి పైసలిచ్చే మిషన్ అది. నా దెబ్బ కంటె ముందు దాన్నే తీసి చూసుకున్న. మంచిగనే ఉంది. మోకాలికి చున్నీ కట్టుకోని పోయిన, ఎందుకంటె ఆ తండల ఒక అవ్వ మందులకు పైసలు లేక పొద్దటిసంది ఎదురు చూస్తుండె.

స్కూటీ వదినెది. ఆమెకు కూడ పనులుంటయి. రోజూ తాళంచెయ్యి అడుగుడు నాకు కష్టంగ ఉంది, ఆమె ఒక్క మాట అనకపోయినా. నా సొంత బండి కావాలె, పెద్ద చక్రాలది కావాలె.

పోయిన నెల నాయినను తీసుకోని ఒక షోరూంకు పోయిన. గేరు బండి మీద కూసోని చూస్తనంటె అక్కడి పిలగాడు "మీకు స్కూటీనే కరెక్టు మేడం" అనుకుంట అటు దిక్కే తీసుకపోయిండు. నేను మల్లమల్ల అడిగితె ఒక 100 సీసీ బండి మీద కూసోనిచ్చిండు. రెండు కాళ్ల మునివేళ్లే ఆనినయి. హ్యాండిల్ పట్టుకుంటె చేతులు వణికినయి. నాయిన ఏమనలే, బస్సుల వచ్చేటప్పుడు మాత్రం "నీకు ఇష్టమైతె నేర్చుకుందువు తియ్యి" అన్నడు.

మా అన్న బుల్లెట్ అంటడు, బరువుంటె రోడ్డు పట్టుకుంటదట. పక్కింటి తమ్ముడు అవెంజర్ అంటడు, సీటు కిందికి ఉంటదని. నాయిన స్ప్లెండర్ అంటడు. నా దగ్గర 60 వేలు జమ అయినయి, మిగతాది నెలనెల కడుత. రెండు కాళ్లు ఆనకుండ బండి నడుపుడు అసలు అయితదా? సీటు కోపియ్యొచ్చునా? నా అసుంటి ఎత్తోళ్లు ఎవరన్న నడుపుతుంటె దయచేసి రాయున్రి.

నల్లగొండ మెకానిక్:

బిడ్డా, గడియారం సెంటర్ దగ్గర్ల 26 ఏండ్లసంది బండ్లు బాగుచేస్తున్న. నాకు తెలిసింది చెప్త.

ముందుగాల సీటు ఎత్తు లెక్క. కాయితంల స్ప్లెండర్‌ది 785 మిల్లీమీటర్లు అని ఉంటది. అది ఖాళీ బండి ఎత్తు. 75 కిలోల మనిషి కూసుంటె వెనక షాకప్‌లు అణిగి బండి కిందికి దిగుతది. నీ 43 కిలోలకు అది అంత దిగదు. అందుకే నీ ఎత్తే ఉన్న బరువైన మనిషికి అందిన నేల నీకు అందదు. నీ కాళ్ల తప్పు కాదు అది. స్ప్లెండర్ షాకప్‌లకు 5 మెట్లుంటయి, అన్నిట్ల మెత్తటి మెట్టు మీద పెట్టియ్యి. కొంచమే తేడా వస్తది గని, గుంతలల్ల నీ నడుముకు సుఖం.

సీటు కోపియ్యొచ్చు, గని ఎక్కడ కొయ్యాలెనో తెలిసినోనితోని చేయించు. చానమంది మధ్యల ఫోమ్ తీసేస్తరు. అట్ల కాదు. ముందల తొడలు తగిలే రెండు అంచులు చెక్కాలె. సీటు వెడల్పుంటె కాళ్లు పక్కకు పోయి పొడుగు తక్కువైతది, అంచు సన్నగైతె కాలు సక్కగ కిందికి దిగుతది. ఎత్తు మీద ఒక అంగుళం మించి తియ్యనియ్యకు, కింద రేకు తగిలి రోజుకు 35 కిలోమీటర్లు తిరిగే మనిషికి నడుము పోతది. కంపెనీ సీటు దాచిపెట్టి ఇంకో సీటు మీద చేయిస్తె ఇంకా మంచిది.

షాకప్‌లు పొట్టియి ఏపిస్తమని ఎవరన్న చెప్తె వద్దను. బండి దిగుతది గని సైడ్ స్టాండు పొడుగు అంతే ఉంటది. అప్పుడు బండి సక్కగ నిలబడి, గాలొచ్చినా అటు దిక్కు పడిపోతది. నీ వాగుల గుండ్రాళ్లు ఇంజను కిందికి తగులుతయి. ఇట్ల చేయించుకోని వచ్చిన బండ్లకు మల్ల పాత షాకప్‌లే ఏసి పంపిన.

ధర సంగతి కూడ చెప్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాక బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎవరన్న పాత రేటు కాయితం చూపిస్తె ఒప్పుకోకు. పాత బండి కొనేటట్టయితె కొనేముందు మెకానిక్‌కు చూపియ్యి. హ్యాండిల్ వదిలితె బండి ఒక దిక్కు గుంజుతుంటె ఫోర్కు, అంటె ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు వంగి ఉండొచ్చు, అసుంటి బండి నేర్చుకునేటోళ్లకు అస్సలు పనికిరాదు.

పాలమూరు నుంచి:

అక్కా, మెకానిక్ అన్న చెప్పింది నిజమే గని అవెంజర్‌ను ఒకసారి చూడకుండ ఇడిచిపెట్టకు. సీటు 737 మిల్లీమీటర్లే. నీకు రెండు పాదాలు దాదాపు పూరాగ ఆనుతయి. మా అమ్మ 5 అడుగులు, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు నా బండి మీద మస్తుసార్లు నడిపింది. హైవే మీద హాయిగుంటది. భయం పోవాలంటె కాళ్లు ఆనుడే ముఖ్యమని నా అనుభవం. బుల్లెట్ మాత్రం ఇప్పుడే వద్దు. అదే కంపెనీ క్లాసిక్ 350 సీటు 805, బరువు 195 కిలోలు. వాళ్లదే మీటియర్ సీటు 765కే దిగుతది గని అది కూడ 191 కిలోలు.

నల్లమల ఏఎన్ఎం:

చెల్లె, నీ పోస్టు నిన్న రాత్రే చదివిన. డ్యూటీ నుంచి వచ్చి అలసిపోయి రాయలే. ఇయ్యాల ఆదివారం, నిమ్మలంగ రాస్త.

నేను నీకంటె ఒక అంగుళం పొట్టి. 4 అడుగుల 10. అచ్చంపేట అవతల, అమ్రాబాద్ దిక్కు పల్లెలు, చెంచు పెంటలు (అడవిల చెంచోళ్ల గూడేలు) నా డ్యూటీ. 9 ఏండ్లసంది స్ప్లెండర్ నడుపుతున్న. మా మరిది నేర్పిండు, అప్పటికి నాకు 31. సైకిల్ తప్ప ఏది తెల్వదు. వెనక టీకాల డబ్బా కట్టుకోని, ఐసు కరగకముందు చేరాలని రోజూ పోత.

పాలమూరు తమ్ముడు ప్రేమతోనే చెప్పిండు. నేను కూడ మొదట కాళ్లు ఆనే బండే కావాలె అనుకున్న. గని ఒకటి ఆలోచన చెయ్యి. రోజుల నువ్వు బండి ఆపి కాలు పెట్టేది ఎంతసేపు? బండిని చేతులతోని తిప్పేది, గడపల నుంచి ఎనక్కు గుంజేది, ఇసుకల ఇరికితె తోసేది ఎంతసేపు? తండల ఇండ్ల మధ్యల సందులు నీకు తెలుసు. అక్కడ పొడుగు బండిని మలుపుడు కష్టం. అవెంజర్‌ల 160 సీసీది అన్నా 156 కిలోలు, నీ బరువుకు మూడున్నర రెట్లు. దాని ఫుట్‌రెస్టులు ముందలికి ఉంటయి, గుంత వచ్చినప్పుడు వాటి మీద లేసి నిలబడలేవు, దెబ్బ మొత్తం నడుముకే. హైవే బండి అది, మంచి బండే. నీ బాటకు కాదు.

స్ప్లెండర్ 112 కిలోలు. హోండా షైన్ 100 చూసినవా? దాని సీటు 786, అంటె రెండిటి ఎత్తు ఒక్కటే అనుకో, గని బరువు 99 కిలోలే. 13 కిలోలంటె నీ పార్సిళ్ల సంచి అంత. నేను ఇప్పుడు కొత్తది కొనేదుంటె దాని మీద కూసోని చూడకుండ నిర్ణయం తీసుకోను. స్ప్లెండర్‌కు ఉన్న బలం వేరే. ఏ పల్లెల ఆగినా దాన్ని ఇప్పి బిగించే మనిషి దొరుకుతడు. మీ మండలంల షైన్ ఎవరు బాగుచేస్తరో కొనకముందే అడుగు.

ఇగ కాలు సంగతి. రెండు కాళ్లు అవసరం లేదు చెల్లె. ఒక్కటి చాలు. నేను 9 ఏండ్లల్ల రెండు కాళ్లు ఒక్కసారి కింద పెట్టిన్నో లేదో. ఆగేటప్పుడు పిర్రలు ఎడమ దిక్కు జరుపుత, సగం సీటు మీద, సగం బయట. ఎడమ పాదం ముందు భాగం గట్టిగ నేల మీద పడుతది. కుడి కాలు బ్రేకు మీదనే ఉంటది, బండి కదలదు. ఇది ఇంజను బందు పెట్టి ఇంటిముందే వందసార్లు చెయ్యి. బండి సక్కగ నిలబడి ఉంటె ఒక్క ఏలుతోని ఆపొచ్చు. ఒక జానెడు ఒరిగిందంటె మాత్రం మన బలం సరిపోదు. అందుకే బండి ఒరగకముందే కాలు పడాలె.

నేను పడ్డది చెప్త, నీకు పనికొస్తది. నేర్చుకున్న రెండో నెల. మన్ననూరు దగ్గర ఎదురుంగ బస్సొస్తె తోవ ఇద్దామని ఎడమ అంచుకు జరిగి ఆపిన. డాంబరు అంచు దాటినంక నేల దిగువకు ఉంటది కద, నా ఎడమ కాలుకు నేలే దొరకలే. అట్లనే ఒరిగి బండి కింద పడ్డ. టీకాల డబ్బా దొర్లుకుంట పోయింది. మోచెయ్యి కమిలింది. బస్సు డ్రైవరు దిగొచ్చి బండి లేపిండు. ఆ దినం సంది నేను ఆగకముందే కాలు ఎక్కడ పడుతదో చూస్త. రోడ్డు అంచుకు ఆగ, ఒక మూరెడు లోపలనే ఆగుత. గుంత పక్కన ఆగ. రాయి గని, గట్టు గని ఉంటె దాని పక్కకు పోయి ఆగుత, కాలుకు పీట దొరికినట్టయితది. ఎత్తున్నోళ్లకు ఈ లెక్క తెల్వదు, వాళ్లు చెప్పలేరు.

బండి పెట్టేటప్పుడు కూడ ముందే ఆలోచన చెయ్యి. దిగుడు దిక్కు మొఖం పెట్టి గోడకు ఆనిచ్చినవనుకో, మల్ల ఎత్తుకు ఎనక్కు గుంజాలె. మనతోని కాదు. తిప్పుకోని, పోయే దిక్కు మొఖం పెట్టే ఆపు. ఏటవాలు ఉన్నకాడ మొదటి గేరుల ఉంచి బందు చెయ్యి. తోసేటప్పుడు మీద కూసోని కాళ్లతోని తొయ్యకు. దిగి, ఎడమ దిక్కు నిలబడి, తుంటి బండికి ఆనిచ్చి, రెండు ఏళ్లు ముందు బ్రేకు మీద పెట్టుకోని తొయ్యి.

సంచి ఎనక సీటు మీద ఎత్తుగ కట్టకు. పొట్టి మనిషికి కాలు దానిమీదికెళ్లి దాటదు, ఎక్కేటప్పుడే తన్నుకోని పడుతం. రెండు పక్కలకు వేలాడే సంచులు కుట్టియ్యి, బరువు కిందికి ఉంటది. కుడి దిక్కు సైలెన్సర్‌కు తగలకుండ చూస్కో.

మొరం మీద: నీకు స్కూటీ జారింది చక్రం చిన్నదని ఒక్కటే కాదు, తిప్పుకుంట బ్రేకు పట్టి ఉంటవు. స్ప్లెండర్‌కు 18 అంగుళాల చక్రాలు, చిన్న గుంతలు వాటికి లెక్కలే. అయినా మలుపుకు ముందే, సక్కగ ఉన్నప్పుడే స్పీడు తగ్గించు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాక బండ్లకు రెండు బ్రేకులు కలిపి ఇస్తున్నరు, కాలి బ్రేకు తొక్కినా ముందు చక్రానికి కూడ కొంత బ్రేకు పడుతది. గుంతను చూడకు, పోవాల్సిన జాగను చూడు. కళ్లు ఎటుంటె బండి అటే.

మన ఏళ్లు చిన్నయి, క్లచ్చు అందదు. క్లచ్చు వైరు కొంచెం వదులు పెట్టియ్యి, అప్పుడు పిడి చేతికి దగ్గరైనంకనే బండి కదులుతది. మరీ వదులైతె గేర్లు సరిగ పడయి, అందుకని నడిపి చూసి బిగించుకోవాలె. మొదటి వారం యాక్సిలేటర్ జోలికి పోకు. చదును జాగల మొదటి గేరేసి క్లచ్చు మెల్లగ ఇడిస్తె 100 సీసీ బండి దానంతట అదే పాకుతది. ఆ పాకుడు మీదనే ఆపుడు, కాలు పెట్టుడు నేర్చుకో.

బూట్లు మందం అడుగువి, మడిమె పట్టి ఉండేటియి కొను. చెప్పులతోని వద్దు. హెల్మెట్ తలకు బిగువుగ ఉండాలె, ఇంట్ల మొగోళ్ల హెల్మెట్ పెట్టుకోకు, అది మన తల మీద తిరుగుతది. చున్నీ నడుముకు కట్టుకో, చైను కాడికి పోనియ్యకు.

ఇంకొకటి, చానమంది మరిచిపోతరు. నీ లైసెన్సు గేరు లేని బండికే ఉంటె గేరు బండికి చెల్లదు. లర్నింగ్ తీసుకోని 30 రోజుల తర్వాత టెస్టు ఇయ్యాలె. ఏదన్న అయితె ఇన్సూరెన్సు కాడ ఇబ్బంది పడుతవు. ముందు ఆ పని చెయ్యి.

నువ్వు మోకాలికి చున్నీ కట్టుకోని ఆ అవ్వ ఇంటికి పోయిన అని రాసినవు చూడు, అది చదివి నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

తండా తపాల:

అక్కా, అందరికి పేరుపేరున దండాలు. 12 రోజుల తర్వాత రాస్తున్న. మీరు చెప్పినయి చేసి చూసినంకనే రాయాలని ఆగిన.

గోడకు ఆనుకోని, కాళ్ల మధ్యల పుస్తకం పెట్టి నాయినతోని కొలిపించిన. నేల నుంచి 69 సెంటీమీటర్లు వచ్చింది. బూట్లు కొన్న, మందం అడుగువి. అవి ఏసుకోనే పోయి మూడు బండ్ల మీద కూసున్న. ఈసారి వేరే షోరూంల ఒక మేడం ఉండె, ఎంతసేపన్న కూసో అని బండిని బయటికి తెచ్చి నిలబెట్టిచ్చింది. అవెంజర్ మీద కూసుంటె పాదాలు ఆనినయి, ప్రాణానికి హాయి అనిపించింది, తమ్ముడు చెప్పింది నిజమే. దిగి ఎనక్కు గుంజి చూసిన. ఒక మూరెడు కదిలి ఆగిపోయింది. స్ప్లెండర్‌ను గుంజగలిగిన, చెమట పట్టింది. షైన్‌ను రెండుసార్లు గుండ్రంగ తిప్పిన. సైడ్ స్టాండు మీదికెళ్లి సక్కగ లేపుడు కూడ ఒక్కదాన్నే చేసిన. ఎడమకు జరిగి కూసుంటె పాదం సగం పడ్డది. అప్పుడు చేతులు వణకలే.

షైన్ బుక్ చేసిన. మల్లేపల్లిల ఒక మెకానిక్ తన కాడ ఆ బండ్లు ఇప్పటికే వస్తున్నయి, భయం లేదన్నడు. సీటు అంచులు చెక్కిచ్చేది నెల నడిపినంక చూస్త. లర్నింగ్ లైసెన్సు వచ్చింది.

ఒకటే భయం ఉంది. మా చివరి తండకు ఎక్కుడు బాట. మధ్యల మేకలు అడ్డమొస్తె ఆపాల్సి వస్తది. ఎత్తు మీద ఆపినంక మల్ల ఎట్ల కదలాలె? ఎనక్కు జారితె నా ఒక్క కాలు ఆపుతదా?

నల్లమల ఏఎన్ఎం:

కాలు ఆపదు చెల్లె, బ్రేకు ఆపుతది. ఎత్తు మీద ఆగినప్పుడు కుడి కాలు బ్రేకు మీదికెళ్లి తియ్యనే తియ్యకు. ఎడమ కాలు కింద, మొదటి గేరు, కొంచెం యాక్సిలేటర్ ఇచ్చి క్లచ్చు మెల్లగ ఇడువు. బండి ముందలికి గుంజుతున్నట్టు, ఇంజను చప్పుడు బరువైనట్టు తెలుస్తది. అప్పుడు కుడి కాలు తీస్తె ఎనక్కు ఒక్క ఇంచు కూడ పోదు. ఆగిపోతె ఆగిపోనియ్యి, బ్రేకు మీదనే ఉండి మల్ల సెల్ఫ్ కొట్టు. మేకల కాపరి ఎదురు చూస్తడు, ఏం కాదు.

రాస్తె పూరాగ అర్థం కాదు ఇది. బండి వచ్చినంక ఒక ఆదివారం డిండికి రా, నేను ఇటు నుంచి వస్త. నాయినను తోడు తెచ్చుకో, డిండి దాక బండి ఆయననే నడపమను. ముందల ఎనక ఎర్ర రంగు ఎల్ అంటించు. పొద్దున ఏడింటికి వస్తె ఎండ ముదరకముందు రెండు గంటలు దొరుకుతయి. నా స్ప్లెండర్ మీద నువ్వు, నీ షైన్ మీద నేను కూడ కూసోని చూద్దాం.